కొక్కెం తీసిన చెయ్యి

3 మార్చి 2003, సోమవారం

ఎవరు ఎప్పుడు అడిగినా ఒకేలా చెప్పాలి. అందుకని పోలీసు స్టేషన్‌లో చెప్పింది చెప్పినట్టు ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను.

ఫిబ్రవరి 18, మంగళవారం. సామల్పట్టి రైల్వే స్టేషనుకు అవతల ఒక రైసుమిల్లు. దాని ఆవరణలో నిద్రగన్నేరు చెట్టు కొమ్మలు రేకుల కప్పు మీదికి వాలాయి. వాటిని కొట్టడానికి ముగ్గురం వెళ్ళాం. నేను, చెట్టెక్కే బైరప్ప, అతని బావమరిది అంజప్ప. పదకొండు గంటలకు అంజప్ప నరికిన కొమ్మలు టెంపోలో వేసుకుని కట్టెల అడితికి పోయాడు. బైరప్ప ముప్పై అయిదు అడుగుల ఎత్తున ఉన్నాడు. నేను కింద, అతను దించిన మిషన్ రంపానికి పెట్రోలు పోస్తున్నాను. ఒక కొమ్మ మీంచి ఇంకో కొమ్మకు మారడానికి బైరప్ప తన బెల్టును తాడుకు కలిపే కొక్కెం తనే తీశాడు. నేను చూశాను. తాడు వదిలి అడుగు వేశాడు. కాలు జారింది.

ఊత్తంగరై ఆసుపత్రికి చేరేలోగా పోయాడు.

తాగి ఎక్కాడా అని సబ్ ఇన్‌స్పెక్టరు అడిగాడు. తాగాడని చెప్పలేదు. తాగలేదనీ చెప్పలేదు. "అప్పుడప్పుడు అలవాటుంది సార్" అన్నాను. ఆయన రాసుకున్నాడు. నేను సంతకం పెట్టాను.

ఇంతే జరిగింది.

బైరప్ప నాతో ఏడేళ్ళు ఉన్నాడు. ఫ్యాక్టరీలో ఫిట్టరు ఉద్యోగం పోయి, బెంగుళూరు నుంచి మిషన్ రంపం కొనుక్కొచ్చిన మొదటి వారం నుంచి. హోసూరు బంగళాల్లో, కావేరిపట్టణం మామిడి తోటల్లో, రోడ్ల పక్కన, ఎక్కడ పనైనా ఇద్దరి మధ్య ఒకటే మాట. చెట్టు సంగతి అతనిది. మిషన్లు, తాళ్ళు, బెల్టులు, కప్పీలు నావి. ఒకరి సంగతిలో ఒకరు తలదూర్చం.

4 మార్చి

తాడు బాగుంది. సామల్పట్టి పనికి ముందు రోజు చూశాను. మూరెడు పొడుగున పసుపు మరక ఉంది, అంతే. మామిడి తోటల్లో పనిచేసిన ఏ తాడుకైనా సొన అంటుతుంది. అది సొన మరకే.

5 మార్చి

నీళ్ళు కాచే పొయ్యి దగ్గర ఏదో కాలిన కంపు వస్తోందని నాగరత్నం అడిగింది. చిరిగిన ప్లాస్టిక్ గోతాలు తగలబెట్టానని చెప్పాను. పెళ్ళయి పద్దెనిమిదేళ్ళు. నేను చెప్పింది ఆమె మారు మాట్లాడకుండా నమ్ముతుంది.

9 మార్చి, ఆదివారం

బైరప్ప భార్య మంజులమ్మ వచ్చింది. శూళగిరి అవతల వాళ్ళ ఊరి నుంచి పొద్దున బస్సుకే బయల్దేరినట్టుంది. అరుగు మీద కూర్చోమంటే కూర్చోలేదు.

"రాయుడన్నా, నిన్నొకటి అడగల్ల."

"అడుగమ్మా."

"కొక్కెం ఆయనే తీసినాడా?"

"ఆయనే తీసినాడు."

"నువ్వు చూసినావా?"

"ఈ కళ్ళతో చూసినాను."

"ఏ చేత్తో తీసినాడు?"

అది ఎవరూ అడగలేదు. స్టేషన్‌లో కూడా అడగలేదు.

"కుడిచేత్తో" అన్నాను.

ఆమె నా మొహంలోకి చూస్తూ అంది, "ఆయనది ఎడంచెయ్యి గదన్నా. అన్నం దప్ప అన్నీ ఎడంచేత్తోనే."

"అంత పైనున్నోడు ఏ చేత్తో తీసినాడో కిందున్నోనికి ఏం తెలుస్తాదమ్మా" అన్నాను.

నాగరత్నం కాఫీ ఇచ్చింది. గ్లాసు చల్లారే దాకా పట్టుకుని, తాగకుండా గట్టు మీద పెట్టి వెళ్ళిపోయింది. కళ్ళల్లో తడి లేదు. మొగుడు పోయి మూడు వారాలు కాలేదు. నష్టపరిహారం కోసం ఎవరో నేర్పి పంపించి ఉంటారు.

10 మార్చి

ఎడమచేత్తో. ఎవరడిగినా ఎడమచేత్తో అని చెప్పాలి.

17 మార్చి

అంజప్ప వచ్చాడు. బావ పని తను చేస్తానన్నాడు. కొబ్బరిచెట్లు ఎక్కినవాడే, భయం లేదు. "ఇంట్లో అక్క ఉండాది, ముసలామె ఉండాది. పని ఇడిస్తే ఎట్లన్నా?" అన్నాడు. ఎన్నాళ్ళని మూసి పెడతాం? నెల తర్వాత షెడ్డు తాళం తీశాను.

మిషన్ గోడ కొక్కానికి వేలాడుతోంది. ఆ రోజు సామల్పట్టి నుంచి తెచ్చి పొట్టుతో, జిగురుతో అలాగే తగిలించాను. తుడవలేదు. బాగా గుర్తుంది, ముట్టుకోబుద్ధి కాలేదు.

ఇప్పుడు శుభ్రంగా ఉంది. ఫిల్టరు దులిపి ఉంది. చైను పళ్ళన్నీ కొత్తగా సానపట్టి మెరుస్తున్నాయి. బల్ల మీద సన్నటి ఇనుప రజను. దాని పక్కన ఆకురాయి.

అంజప్పను అడిగాను.

"నేను ఆకురాయి ముట్టనే లేదన్నా. తాళం నీకాడ గదా ఉండేది" అన్నాడు.

భూతద్దం పెట్టి చూశాను. కుడిచేతి వాడు సానపడితే చైనుకు ఒక వైపు పళ్ళు కొంచెం ఎక్కువ అరుగుతాయి. నా చేతిలో ఏడేళ్ళుగా అరిగేది కుడివైపే. బైరప్పకు నా సాన నచ్చేది కాదు. "నీ పళ్ళు ఒకపక్కకి లాగుతాయన్నా" అని చెట్టెక్కే ముందు కాళ్ళ మధ్య మిషన్ పెట్టుకుని మళ్ళీ తన పద్ధతిలో నాలుగు గీతలు గీసేవాడు. అప్పుడు ఎడమవైపు అరిగేవి.

ఈ చైనులో ఎడమవైపు అరిగింది.

అయితే అది అతను ఫిబ్రవరిలోనే పట్టిన సాన అయి ఉంటుంది. నాకే గుర్తులేదు. మనసు బాగాలేనప్పుడు గుర్తుండవు.

2 ఏప్రిల్

కావేరిపట్టణం. మూడేళ్ళ కరువుకు నిలువునా ఎండిపోయిన మామిడిచెట్లు కొట్టే పని. అంజప్పను తాడుకు కట్టి ఎక్కించాను. పాత చుట్టలోంచి కోసిన రెండో ముక్క. మొదటి ముక్క ఇప్పుడు లేదు.

అంజప్ప కొమ్మ మీద కుదురుకుని మిషన్ స్టార్టరు లాగాడు. పలకలేదు. ఇరవై సార్లు లాగాడు. దించమన్నాను. ప్లగ్గు విప్పాను, నిప్పురవ్వ బాగా పడుతోంది. పెట్రోలు తాజాది. అందులో కలిపిన ఆయిల్ పాలు సరిగ్గానే ఉంది. ఫిల్టరు శుభ్రం. కార్బురేటరు ఊదాను. పైకి పంపాను. పలకలేదు. చివరికి గొడ్డలితోనే సగం పని చేసి వచ్చాం.

షెడ్డుకు వచ్చాక ఒక్కసారి లాగాను. పలికింది. పావుగంట నడిచింది.

3 ఏప్రిల్

హోసూరులో బంగళా పని. నిచ్చెన వేసుకుని చేసేంత చిన్న చెట్లు. మిషన్ రోజంతా గడియారంలా నడిచింది.

8 ఏప్రిల్

తోటలో మళ్ళీ పలకలేదు. ప్లగ్గు మార్చాను. కొత్తది.

9 ఏప్రిల్

పలకలేదు. కార్బురేటరు డయాఫ్రం మార్చాను. ఫిట్టరుగా పదేళ్ళు, ఇందులో ఏడేళ్ళు. కారణం లేకుండా ఏ యంత్రమూ ఆగదు. నేను నమ్మింది అదొక్కటే.

దారిలో అంజప్ప అన్నాడు, "అన్నా, నిచ్చెన ఏస్తే పలుకుతాది. తాడు కట్టుకుంటే పలకదు. చూసినావా?"

"మిషన్‌కు తాడేమి తెలుసురా, నిచ్చెనేమి తెలుసు. సుమ్మనుండు" అని నోరు మూయించాను.

14 ఏప్రిల్

ఈ రోజు జరిగింది రాయాలి.

అదే తోట. కావలి ఉండే నాంచారమ్మ మధ్యాహ్నం మజ్జిగ తెచ్చింది. మూడు గ్లాసులు గట్టు మీద పెట్టింది.

"ఇద్దరమే గదవ్వా, మూడెందుకు?" అన్నాను.

"నువ్వొకడివి, పైన ఇద్దరు" అంది.

పైన అంజప్ప ఒక్కడే. ఆకు లేని చెట్టు. దాగడానికి చోటు లేదు.

"అంజప్ప ఒకడే అవ్వా."

"కొట్టేటోడు ఒకడు. పైకొమ్మ మీద కాళ్ళు ఏలాడేసుకొని కూర్చున్నోడు ఒకడు. పొద్దుటి నుంచి చూస్తానే ఉండాను. పనిచెయ్యనోనికి కూలి యాల ఇస్తావప్పా?" అని నవ్వి, ఖాళీ చెంబు తీసుకుని వెళ్ళిపోయింది.

ముసలిది. కంట్లో పొర. ఎండ నెత్తికెక్కిన వేళ.

మూడో గ్లాసు ఎవరూ తాగలేదు. బయల్దేరేటప్పుడు చూస్తే ఖాళీగా ఉంది. కాకి ఒంపేసి ఉంటుంది. కానీ గ్లాసు పడలేదు. నిలబడే ఉంది.

కొత్త తాడు కొందామని మనసులో అనుకున్నాను. కొంటే, పాతదానికి ఏమైందని అంజప్ప అడుగుతాడు. పాతదానికి ఏమీ కాలేదు.

29 ఏప్రిల్

నాగరత్నం అడిగింది, "మద్యాన్నం అన్నానికి రాకుండా షెడ్డులో ఏం చేస్తా ఉంటివి?"

"నిద్రపోయినాను." నిజంగానే గోతాల మీద వాలాను. కళ్ళు తెరిచేసరికి మూడు దాటింది.

"నిద్ర యాడ పోయినావు? నేనొచ్చి పిలిస్తిని గదా. బల్లకాడ కూర్చొని చైను సానపడ్తా ఉంటివి. పలకలేదు. తిరిగి చూడనన్నా చూడలేదు." ఆమె గొంతు తగ్గింది. "ఎడంచేత్తో యాల పడ్తావు?"

చేతులు చూసుకున్నాను. ఎడమ అరచేతి గీతల నిండా ఇనుప రజను. బొటనవేలి మొదట్లో పొక్కు.

అయితే మార్చిలో సానపట్టింది కూడా నేనే. అంతే. ఎవరూ రాలేదు, ఏమీ లేదు. మనసు బాగాలేక చేసిన పని. సాయంత్రమంతా ఊరటగా ఉంది.

కానీ ఎడమచేత్తో నేను అన్నం డబ్బా మూత కూడా తియ్యలేను.

11 మే

మామిడి కోతలు మొదలు. తోటల్లో మాకు పని లేదు. అదీ మంచిదే.

30 మే

రాయడానికి ఏమీ లేదు.

6 జూన్, శుక్రవారం

మిషన్ చైనుకు పోసే బార్ ఆయిల్ కొనడానికి అంజప్పతో కృష్ణగిరి వెళ్ళాను. టీ తాగుతున్నప్పుడు అక్క ఎలా ఉందని మర్యాదకు అడిగాను. అడక్కుండా ఉండాల్సింది.

"ఎట్ల ఉంటాది? తినదు. పండుకోదు. ఏడ్చను కూడా ఏడ్చదు."

"ఏడ్చకపోతే ఎట్లప్పా?"

అంజప్ప టీ గ్లాసు కింద పెట్టాడు. "నీకు తెలీదన్నా. ఆ పొద్దు తెల్లారి బావకీ అక్కకీ కొట్లాట. ఏదో మేకని అమ్మినదానికి. చిన్న మాటే. అక్క కోపంలో 'నువ్వు చచ్చినా నేను ఏడ్చను పో' అనేసింది. బావ మాట్లాడకుండా వచ్చి టెంపో ఎక్కినాడు. నువ్వేమో కొక్కెం ఆయనే తీసుకున్నాడంటివి. ఎడంచేత్తో తీసినాడంటివి. అన్నేళ్ళు ఎక్కినోడు ముప్పై అడుగుల పైన కొక్కెం తీస్తాడా అన్నా? ఆయన కావాలనే వదిలేసినాడని అక్క అనుకుంటా ఉండాది. తన మాటకే చచ్చినాడని. ఏడ్చే హక్కు నాకు లేదంటాది."

నష్టపరిహారం కోసం వచ్చిందని రాశాను మార్చిలో. ఆ పేజీ చించేద్దామనుకుని చించలేదు.

7 జూన్

ఆమె ఏ చేత్తో అని అడిగింది అందుకు. ఎడమచెయ్యి అయితే తెలిసి తీసినట్టు. కుడిచెయ్యి అయితే పట్టు కోసం తడుముకుంటూ పొరపాటున తగిలి ఊడినట్టు. నేను కుడి అని చెప్పి ఉంచితే ఆమెకు అదొక ఆశగా ఉండేది. కానీ ఆ రోజు నేను మాట మార్చాను. ఇప్పుడు ఎవరడిగినా ఎడమ అంటున్నాను. అంజప్పతో కూడా అన్నాను. ఆ మాట ఆమెకు చేరి ఉంటుంది.

ఇంక రాస్తాను. ఇది ఎవరూ చదవరు.

తాడు తెగింది.

టెంపో బ్యాటరీ దిగిపోతే విప్పి, షెడ్డు అర మీద పెట్టి చార్జి ఎక్కించేవాణ్ణి. దాని కింది అరలో తాడు చుట్ట ఉండేది. జనవరిలో యాసిడ్ పొంగి కారింది. బల్ల తుడిచాను. తాడు చూడలేదు. నైలాన్‌కు యాసిడ్ తగిలితే పైకి ఏమీ కనిపించదు, లోపల దారం చచ్చిపోతుంది. ఇది నాకు తెలుసు. ఫ్యాక్టరీలో నాకు నేర్పింది అదే.

ముందు రోజు మరక చూసింది నేను కాదు. బైరప్ప. తాడు తెచ్చి నా ముందు పెట్టి, "అన్నా, ఇది పచ్చగుండాది. గట్టిగా కూడా ఉండాది. ఏమిది?" అని అడిగాడు. నేను ప్లగ్గు శుభ్రం చేస్తున్నాను. తల ఎత్తకుండానే చెప్పాను.

"మామిడి సొన. ఎక్కు."

అతను ఇంకో మాట అడగలేదు. తాళ్ళ సంగతి నాది కదా.

తెగినప్పుడు చప్పుడు కాలేదు. పడిన చప్పుడే. పరిగెత్తాను. పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాను. ముక్కు దగ్గర వేలు పెట్టి చూడలేదు. పేరు పెట్టి పిలవలేదు. నా చెయ్యి ముందు అతని బెల్టు దగ్గరికి పోయింది. కొక్కెం తీశాను. దానికున్న తెగిన ముక్క గోతంలో వేశాను. మాను మొదట్లో కట్టిన కొస విప్పి, చెట్టు మీది ముక్క లాగి, చుట్టి, దాన్నీ వేశాను. గోతం మూతి కట్టాను. అప్పుడు "బైరప్పా" అని అరిచాను. మిల్లులోంచి జనం వచ్చారు.

అంతసేపూ అతని కళ్ళు తెరిచే ఉన్నాయి. నా చేతుల్ని చూస్తున్నాయి.

8 జూన్

అయినా ఇప్పుడు చెప్పి ప్రయోజనం ఏముంది? పోయినవాడు రాడు. రెండో ముక్క పక్క అరలో ఉండేది. దానికి యాసిడ్ తగల్లేదు. దాని మీద మరక లేదు.

9 జూన్

పక్క అరలోనే ఉండేది.

10 జూలై, గురువారం

కోతలు అయిపోయాయి. తోటలు కత్తిరించే కాలం. కావేరిపట్టణం తోట యజమాని బావి గట్టున ఉన్న పాత నేరేడు చెట్టు పైకొమ్మలు దించమన్నాడు. నిచ్చెన అందని ఎత్తు. నా మిషన్ నమ్మకం లేక రాయకోటలో తెలిసినవాణ్ణి అడిగి అతని మిషన్ అరువు తెచ్చాను. నిన్ననే ఓ టేకు మాను కోసి వచ్చిన మిషన్ అది.

పన్నెండు గంటలకు అంజప్ప ఎక్కాడు. తాడు కట్టాను. బరువంతా తాడు మీద వేసి రెండు చేతులూ ఖాళీ చేసుకుని మిషన్ లాగాడు.

పలకలేదు.

మళ్ళీ లాగాడు. తోటలో ఆ చప్పుడొక్కటే. గాలి లేదు. ఆకు కదల్లేదు. కాకులు కూడా లేవు. నేను తాడు రెండో కొస పట్టుకుని పైకి చూస్తున్నాను.

అంజప్ప నెత్తిమీదున్న కొమ్మ మెల్లగా కిందికి వంగింది. మనిషి వచ్చి కూర్చుంటే వంగేంత. వంగి, అలాగే ఆగింది. అంజప్ప దాన్ని చూడలేదు, మిషన్‌తో కుస్తీ పడుతున్నాడు.

నా చేతిలో తాడు రెండుసార్లు లాగినట్టయింది.

చెట్టుపైన మిషన్ నడుస్తుంటే అరుపులు వినిపించవు. అందుకని మాకు తాడుతోనే మాట. ఒకసారి లాగితే వదులు చెయ్యమని. రెండుసార్లు లాగితే ఆపమని. అంజప్ప రెండు చేతులూ మిషన్ మీద ఉన్నాయి. నా కళ్ళ ముందు ఉన్నాయి.

మళ్ళీ రెండుసార్లు.

"అంజప్పా!" అని అరిచాను. నా గొంతు నాదిలా లేదు. "మిషన్ ఇడిసెయ్. మాను కావలించుకో. తాడు మీద బరువెయ్యొద్దు. వెయ్యొద్దప్పా, మాను పట్టుకొనే దిగు!"

మిషన్ బావి గట్టు మీద పడింది. అంజప్ప మానును కరుచుకుని జారుతూ దిగాడు. రొమ్మంతా గీరుకుపోయింది.

"ఏమైందన్నా? పామా?"

"మీ బావ కొక్కెం తియ్యలేదు" అన్నాను. "తాడు తెగింది. కొక్కెం తీసింది నేను."

అతనికి అర్థం కాలేదు. అర్థమయ్యేలా మొత్తం చెప్పాను. బ్యాటరీ, మరక, గోతం, పొయ్యి. చెప్తున్నంతసేపూ అతను తన నడుముకున్న తాడు వైపే చూశాడు. తర్వాత విప్పుకున్నాడు.

"ఇదీ దాని ముక్కేనా?"

"దాని ముక్కే. దీనికేం కాలేదని..."

నరికిన మామిడి మొద్దు ఒకటి దొరికింది. మనిషి బరువు ఉంటుంది. కొమ్మ మీదుగా తాడు వేసి ఇద్దరం కలిసి ఎత్తాం. మూడు మూరలు లేచింది. నిలిచింది. ఒక నిమిషం నిలిచి ఉంటుంది. నాకు ప్రాణం లేచొచ్చింది, చూశావా బాగానే ఉందని అనబోయాను.

చప్పుడు లేకుండా తెగింది. మరక లేని చోట.

అంజప్ప కొట్టలేదు, తిట్టలేదు. నేలమీద కూర్చుని తెగిన కొస వేళ్ళతో నలిపాడు. సున్నంలా రాలింది.

"నాలుగు నెల్లు" అన్నాడు. "నాలుగు నెల్లు నన్ను దీనిమీద ఎక్కించినావు గదన్నా."

అతను లేచి, బావి గట్టు మీద పడున్న మిషన్ దగ్గరికి వెళ్ళి, ఎందుకో స్టార్టరు ఒక్కసారి లాగాడు. పలికింది. తోటంతా దద్దరిల్లింది. దాన్ని ఆపకుండా అక్కడే వదిలేసి, నడుచుకుంటూ రోడ్డు మీదికి వెళ్ళిపోయాడు.

11 జూలై

నాగరత్నానికి చెప్పాను. ఆమె నీళ్ళు కాచే పొయ్యి వైపు చూసింది. "గోతాలు అంటివి" అంది చివరికి. అంతే.

12 జూలై

మంజులమ్మ దగ్గరికి వెళ్ళాలని బయల్దేరి పోలీసు స్టేషన్‌కు వెళ్ళాను. అదే సులువు.

తెగిన తాడు బల్ల మీద పెట్టి అంతా చెప్పాను. ముందు నమ్మలేదు. తర్వాత సబ్ ఇన్‌స్పెక్టరు తలుపు మూయించి అరగంట తిట్టాడు. వాంగ్మూలం మళ్ళీ రాశారు. అజాగ్రత్త, సాక్ష్యం మాయం చెయ్యడం, అబద్ధపు వాంగ్మూలం. పిలిచినప్పుడు రావాలి, జిల్లా దాటకూడదు అన్నారు. జైలు పడుతుందా అని అడిగాను. "అది కోర్టు చెప్తుంది, నేను కాదు" అన్నాడు. తాగుడు మాట కొట్టేయమని అడిగాను. కొట్టేశారు.

13 జూలై, ఆదివారం

శూళగిరిలో బస్సు దిగి రెండు మైళ్ళు నడిచాను. నాగరత్నం వస్తానంది, వద్దన్నాను.

మంజులమ్మ వాకిట్లో మేకలకు ఆకు వేస్తోంది. అంజప్ప గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నన్ను చూసి తల తిప్పుకున్నాడు. అతను అక్కకు ఏమీ చెప్పలేదని ఆమె మొహం చూడగానే తెలిసింది. నేనే చెప్పాలని వదిలిపెట్టాడు.

చిక్కి సగమైంది. నన్ను చూడగానే ఆకు చేతిలో పట్టుకునే అడిగింది.

"ఏ చేత్తో తీసినాడన్నా?"

"ఆయన తియ్యలేదమ్మా. తాడు తెగిపోయె. నా తప్పుతో తెగిపోయె. కిందపడినాక కొక్కెం తీసింది నేను."

ఆమె చేతిలోంచి ఆకు మేక లాక్కుంది.

"ఇంగోసారి చెప్పు."

చెప్పాను.

"వదిలెయ్యలేదా?"

"లేదమ్మా. ఆయన పని చేస్తా ఉన్నాడు. మిషన్‌కు పెట్రోలు పోసి పంపమని కేకేసినాడు. పని మీదనే ఉన్నాడు. నీ మాటకి కాదు. ఆయన మనసులో ఏ మాటా లేదు."

ఆమె నా రెక్క పట్టుకుని లోపలికి లాక్కుపోయింది. అంత బలం ఎక్కడిదో. లోపల నులకమంచం మీద బైరప్ప తల్లి మారెమ్మ పడుకుని ఉంది. రెండు కళ్ళూ కనిపించవు.

"అత్తా, ఈయప్ప ఏం చెప్తాడో విను. చెప్పు. గట్టిగా చెప్పు, ఆమెకి చెవుడు."

మూడోసారి చెప్పాను, గట్టిగా. అంజప్ప గడపలోకి వచ్చి నిలబడ్డాడు.

మారెమ్మ ఆశ్చర్యపోలేదు. మొహం నా వైపు తిప్పింది.

"నాకు తెలుసప్పా. వాడు ఆ పొద్దే చెప్పినాడు."

"ఎవరు?"

"బైరడు. సావు కబురు రాకముందే, ఎండ ఈ మంచం మీదికి వచ్చే యాళకి. ఆ గడపలో నిలబడి, 'అమ్మా, తాడు తెగె' అనినాడు. యాడ తాడు, యాడుండావురా అంటిని. పలకలేదు. సాయంత్రం శవం తెచ్చిరి." ముసలామె ఖాళీ కళ్ళు నా మీదే ఉన్నాయి. "నేను చెప్తే, ముసల్దానికి మతి పోయిందనిరి."

అంజప్ప గడప దిగి అవతలకు జరిగాడు.

మంజులమ్మ అత్త వైపు చూసింది, నా వైపు చూసింది.

"ఆమె మొదటి దినం నుంచి చెప్తానే ఉండాది" అంది. "దినామూ చెప్పింది. నేను నమ్మలే. నిన్ను నమ్మినాను. చదువుకున్నోనివని. కళ్ళతో చూసినానంటివని."

నేల మీద కూలబడింది. ముందు గొంతులోంచి ఏదో చిన్న చప్పుడు వచ్చింది, గింజ అడ్డం పడినట్టు. తర్వాత ఏడుపు. అయిదు నెలల ఏడుపు. పక్క ఇళ్ళ ఆడవాళ్ళు పరిగెత్తుకొచ్చారు. ఎవరో పోయారనుకున్నారు.

నేను నెమ్మదిగా గడప వైపు తిరిగాను. నా పని అయిందనుకున్నాను. గడప దాటబోతుంటే ఏడుపు మధ్యలోనే ఆమె తల ఎత్తింది.

"యాడికి పోతావు? కూర్చో. ఆడే కూర్చొని విను."

కూర్చున్నాను. ఆడవాళ్ళు ఒక్కొక్కరూ నన్ను చూసి గుసగుసలాడుకుంటున్నారు. ఎవరూ నీళ్ళివ్వలేదు. ఆమె బైరప్పను పేరు పెట్టి పిలుస్తూ, తిడుతూ, అమ్మిన మేకను తలుచుకుంటూ, అతను తినకుండా వెళ్ళిన ముద్దను తలుచుకుంటూ ఏడ్చింది. మంచం మీద మారెమ్మ మాత్రం గడప వైపు మొహం పెట్టి, ఎవరితోనో మాట్లాడుతున్నట్టు పెదవులు కదిపింది. ఆగింది. విన్నట్టు తల ఊపింది.

ఎండ గోడ దిగి, వాకిలి దాటి, మేకల దొడ్డి దాకా పోయింది. బస్సు ఒకటి వెళ్ళిపోయిన చప్పుడు వినిపించింది. తర్వాత ఇంకొకటి.

ఆమె వెళ్ళమనలేదు. నేను లేవలేదు.